కుడి చెంప మీది ఎండ

సాలూరు,
3 నవంబరు 1968.

జగ్గమ్మా,

లారీల బుకింగు ఆఫీసులో బల్ల ముందు కూర్చుని, ఒక ముక్కుపుటంతో డీజిలు పొగా, రెండో దానితో పక్క కొట్టు పకోడీల వాసనా పీలుస్తూ మీ అన్న అప్పలసూరి రాస్తున్నాడు. ఆమదాలవలసలో నువ్వూ, నారాయణమూర్తి బావా, నా మేనకోడలు నీలవేణీ సుఖంగా ఉన్నారని అనుకుంటున్నాను. లేకపోతే ఈపాటికి నువ్వు ఊరుకునేదానివి కాదు.

దసరాకి వచ్చి నువ్వు వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయిందని మీ వదిన అంటోంది. బోసిపోయింది ఇల్లు కాదు, అరిసెల డబ్బా అన్నాను. ఆ మాటకి శిక్షగా ఇప్పటికీ చారులో పప్పు తగలడం లేదు.

విషయానికి వస్తాను. నిన్ను గజపతినగరం స్టేషనులో దించమని కొండబాబు లారీ ఎందుకు ఎక్కించానో నీకు తెలుసు, అతనికి తెలియదు. పిల్లాడికి తెలియకుండా పిల్లాణ్ణి చూడడం మన ఇళ్ళల్లో పాత అలవాటే కదా. చూస్తున్నారని తెలిస్తే ప్రతివాడూ శ్రీరాముడే. మన పెదనాన్న ఒకసారి ఇలాగే గేదెల బేరానికి వచ్చినట్టు నటిస్తూ పెళ్ళికొడుకుని చూడడానికి బొబ్బిలి దగ్గరి ఒక పల్లెకి వెళ్ళాడు. నటన బాగా కుదిరింది. గేదెని తోలుకుని ఇంటికొచ్చాడు. పెళ్ళికొడుకు ఎలా ఉన్నాడంటే గుర్తు లేదన్నాడు. గేదె మాత్రం మంచిది, కుండ నిండా పాలిచ్చేది.

నువ్వు గేదెని కొనలేదు గనక పిల్లాణ్ణి చూసే ఉంటావు. తాగడు, బీడీ కూడా కాల్చడు. మనవాళ్ళే. తల్లి ఊళ్ళో పొలం చూసుకుంటుంది, ఇతను నరసింగరావుగారి లారీ తోలుతాడు. కొండెక్కే ఘాటీ రోడ్డు మలుపుల్లో అతని చేతిలో లారీ ఉంటే వెనక సీట్లో పడుకున్నవాడికి మెలకువ రాదు. నీ మాట రాయి.

మీ అన్న,
అప్పలసూరి

*

ఆమదాలవలస,
12 నవంబరు 1968.

అన్నయ్యకు జగ్గమ్మ దండాలు.

నీ ఉత్తరంలో గేదె గురించి రాసినంత పిల్లాడి గురించి రాయలేదు. అయినా నేను చూశాను గనక సరిపోయింది.

నాకు నచ్చాడు. దారి పొడుగునా పక్కనే కూర్చుని చూశాను. చామనఛాయ, నున్నటి చెంప, పసితనం వదలని ముఖం. అద్దం ఎందుకు బిగించావు బాబూ, గాలాడదు కదా అంటే, "దుమ్మండి పిన్నిగారూ. ఈ దుమ్ము తింటే రేతిరంతా దగ్గే. ఘాటీలో సలి కూడాను. నాకు అద్దం ఏసుకోడం అలవాటైపోనాది" అన్నాడు. మర్యాదగా మాట్లాడాడు. స్టేషనులో నా సంచీ కూడా తనే దింపాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు అసలు మాట. మా ఆడపడుచు గురమ్మ వదిన ఉండేది గజపతినగరమే అని నీకు తెలుసు కదా. ఆవిడ ఇంటికి ఎదురుగా రోడ్డు అవతలే లారీలవాళ్ళు టీకి ఆగే కొట్టు. నువ్వూ ఒకసారి చూడు వదినా అని మనిషి చేత కబురంపాను. అరుగు మీద కూర్చుని, లారీ ఆగినప్పుడు బాగా చూసిందట. నిన్న రైలెక్కి వచ్చి మరీ నన్ను తిట్టింది.

"ఓసే జగ్గా, నీ కళ్ళు సంతలో అమ్మేసుకున్నావేటి? ఆడు కుర్రాడా? సెంప సూస్తే మాడిపోన పెనం. కంటి కింద ముడతలు. నీ కూతురికి మొగుణ్ణి ఎతుకుతన్నావా, నీకు మావగారిని ఎతుకుతన్నావా?"

నేను గుర్తు చెప్పిన లారీ అదే, తలకి కట్టుకున్న ఆకుపచ్చ తువ్వాలు అదే అంటోంది. అయితే మనిషి ఎలా మారాడు? మీ బావకి ఒక అనుమానం వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు ఉండి, తమ్ముణ్ణి నాకు చూపించి, పెళ్ళికాని అన్నని పీటల మీద కూర్చోబెడతారా అని. నువ్వు అలాంటి పని చెయ్యవు. కానీ నీకు కూడా చెప్పకుండా వాళ్ళు చెయ్యవచ్చు కదా. నువ్వు కబుర్లలో పడితే పక్కన ఏనుగు నడిచినా చూడవు.

ఇక్కడ నా తలనొప్పులు నాకున్నాయి. మీ బావ విశాఖపట్నంలో చూసి వచ్చి, మన బట్టలకొట్టు ముందు గోడంత అద్దాల బీరువా కట్టించారు. అందులో పెట్టిన వంగపండు రంగు చీరలు అప్పుడే వెలిసిపోయాయి. చీరలు తెచ్చే కూర్మయ్యని పిలిచి, రంగు నిలవని సరుకు మా మొహాన కొట్టావని నాలుగూ అన్నాను. నోరు మెదపకుండా వెళ్ళిపోయాడు. తప్పు చేసినవాడు ఏం మాట్లాడతాడు!

ఆ అన్నదమ్ముల సంగతి తేల్చి రాయి.

నీ చెల్లెలు,
జగ్గమ్మ

*

సాలూరు,
20 నవంబరు 1968.

చెల్లీ జగ్గమ్మా,

నీ ఉత్తరం చదివి ముందు కోపం వచ్చింది. తరవాత భయం వేసింది. ఇన్నాళ్ళూ ఇద్దరు మనుషులతో మాట్లాడుతూ ఒక్కడే అనుకున్నానా అని! వెంటనే లేచి బయలుదేరాను. కొండబాబు హోటలు బల్ల ముందు భోజనం చేస్తున్నాడు. ఎడమపక్కన నిలబడి చూశాను. నువ్వు చెప్పిన కుర్రాడే. చుట్టూ తిరిగి కుడిపక్కకి వెళ్ళి చూశాను. గురమ్మగారు చెప్పిన ముసలాడు! నమ్మకం కుదరక మరోసారి తిరిగాను.

"ఏటి తాతా, నా సుట్టూ తిరుగుతన్నావు? నానేటి ధ్వజస్తంభాన్నేటి?" అన్నాడు, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. లారీలవాళ్ళందరికీ నేను తాతనే.

కాబట్టి అన్నా లేడు, తమ్ముడూ లేడు. ఒకే మనిషి. నువ్వు పక్కసీట్లో కూర్చుని ఎడమ చెంప చూశావు. గురమ్మగారు రోడ్డు అవతల కూర్చుని, తలుపు వైపు నుంచి కుడి చెంప చూశారు. ఇద్దరూ నిజమే చెప్పారు, చెరిసగం. రోజూ చూసే నేను ఇది ఎందుకు గమనించలేదని అడుగుతావు. రోజూ చూసే ముఖాన్ని ఎవరు చూస్తారు? మీ వదిన ముక్కుపుడక ఏ పక్కన పెట్టుకుంటుందో ఇప్పుడు అడిగితే, లోపలికి తొంగిచూసి చెప్పాలి.

ఎందుకిలా అయిందని ఆలోచించాను. నేను బడికి వెళ్ళింది తక్కువైనా, బల్ల మీద పాత పంచాంగాలు, పేపర్లు చాలా ఉన్నాయి. పెన్సిలుతో బొమ్మ గీసి చూశాను. కొండబాబు పొద్దున్నే రాయపూర్ వైపు ఘాటీ ఎక్కుతాడు. అంటే ముఖం వాయవ్యానికి. తూర్పున లేచిన సూర్యుడు కుడివైపు కిటికీలోంచి పడతాడు. తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం వేళ విజయనగరం వైపు దిగుతాడు. అప్పుడు ముఖం ఆగ్నేయానికి. సూర్యుడు అప్పటికి పడమట ఉంటాడు. మళ్ళీ కుడి కిటికీయే! పోతే కుడి, వస్తే కుడి. పాపం ఆ ఎడమ చెంప ఇన్నేళ్ళూ నీడపట్టున, అత్తవారింట కొత్త అల్లుడిలా బతికింది. కుడి చెంప మాత్రం పొలం పనిచేసింది.

మరి ఎండకి నల్లబడితే నష్టమేమిటి? మన నాన్న వీపు గుర్తుందా? ఊడ్పులయ్యాక కుంపటి అడుగులా ఉండేది. మన అమ్మ ఎప్పుడైనా వద్దందా?

ముహూర్తాల మాట బావతో కదుపు.

మీ అన్న,
అప్పలసూరి

*

ఆమదాలవలస,
29 నవంబరు 1968.

అన్నయ్యకు,

అన్నదమ్ములు కారని తెలిసి ప్రాణం తేలికపడింది. మళ్ళీ అంతలోనే బరువెక్కింది. నీ వాయవ్యం ఆగ్నేయం నాకు అర్థమయ్యాయి. కానీ నువ్వొక సంగతి మరిచిపోయావు. అతను అద్దం బిగించుకుని తోలుతాడు. నాతో తనే చెప్పాడు. అద్దం అడ్డం ఉంటే ఎండ ఎలా తగులుతుంది? వెలుతురు వస్తుంది, ఎండ రాదు. కిటికీ వేసుకుని ఇంట్లో కూర్చున్నవాడు నల్లబడతాడా? మనవాళ్ళు ఎండ తగలకూడదనే కదా తలుపులు వేసుకునేది.

ఎండ కాకపోతే మరి ఏమిటి?

రాయడానికి చెయ్యి రావడం లేదు. నేను అనలేదు, గురమ్మ వదిన అంది. కుడి చెవి తమ్మె మందంగా ఉందట. చెంప మీద చర్మం దళసరెక్కిందట. కుడి మోచెయ్యి కూడా అంతేనట. "నాను పెద్దరోగం అన్నేదు. అలగుంటాది అన్నాను అంతే" అంటోంది. కుష్టు అనే మాట మాత్రం నోట పలకదు. ఆ అంతే అన్నది మాతో అని ఊరుకుందా! టీకొట్టువాడితో కూడా అందట.

నాకొక్కతే కూతురు అన్నయ్యా. నువ్వు కోపగించుకోకు. డాక్టరుకి చూపించి గానీ ఈ మాట ముందుకి నడవదని మీ బావ అంటున్నారు. నాకూ అదే అనిపిస్తోంది.

నీలవేణి మాత్రం పదోతరగతి పుస్తకం మళ్ళీ తీసి ఏదో చదువుకుంటోంది. ఏమిటే అంటే, "సగం నువ్వూ సగం అత్తా సూసేరు గదా. ఇంకా నాకు సూడ్డానికేటి మిగిలింది?" అంటోంది. పొగరు.

జగ్గమ్మ

*

సాలూరు,
14 డిసెంబరు 1968.

జగ్గమ్మా,

ఈసారి కథలేమీ లేవు. సరదా లేదు.

గురమ్మగారు టీకొట్టులో వదిలిన మాట మా ఊరికి నీ ఉత్తరం కంటే ముందే చేరింది. ఉత్తరానికి స్టాంపు కావాలి, రైలు కావాలి. ఆ మాటకి అవేమీ అక్కరలేదు, ఏ లారీ దొరికితే ఆ లారీ ఎక్కింది. అతని క్లీనరు కలిసి అన్నం తిననన్నాడు. రెండో లారీ డ్రైవరు అతను కూర్చున్న సీటు కడిగించాడు. నరసింగరావుగారు మంచి మనిషే, కానీ వ్యాపారి. "ఒరే కొండా, కొన్నాళ్ళు స్టీరింగు ఒగ్గీ. మిగతావోళ్ళు నా లారీ ఎక్కనంటన్నారు. నన్నేటి సెయ్యమంతావు?" అని, సరుకు మీద కాపలాకి పెట్టారు. లారీ తోలినవాడు ఇప్పుడు బస్తాల మీద కూర్చుని వెళుతున్నాడు. టీకొట్టులో అతనికి వేరే గ్లాసు. గోడమేకుకి వేలాడుతూ ఉంటుందట.

నేనే అతణ్ణి విజయనగరం తీసుకువెళ్ళి డాక్టరుకి చూపించాను. ఆయన కళ్ళు మూసుకోమని చెప్పి చెంప మీద, చేతి మీద పక్షి ఈకతో రాశారు, గుండుసూదితో తాకించారు, వేడినీళ్ళ సీసా, చన్నీళ్ళ సీసా పెట్టారు. కొండబాబు ప్రతిదానికీ సరిగ్గానే చెప్పాడు. సూది గుచ్చినప్పుడైతే సరికన్నా గట్టిగా చెప్పాడు. చెవి పట్టుకుని చూశారు. మెడ నరం, మోచేతి నరం నొక్కి చూశారు. చివరికి, "ఏ రోగమూ లేదు. ఇది ఎండ" అన్నారు.

నీ ప్రశ్నే నేనూ అడిగాను. అద్దం ఉంది కదండీ అని. ఆయన నవ్వి చెప్పారు. ఎండలో రకరకాల కిరణాలు ఉంటాయట. చర్మాన్ని ఎర్రగా కాల్చి మంట పుట్టించేవాటిని అద్దం చాలామటుకు ఆపేస్తుందట. లోతుగా దిగి నలుపెక్కించేవీ, ముడతలు పెట్టేవీ అద్దం దాటి వచ్చేస్తాయట. మంట ఉండదు గనక మనిషికి తెలియదు, తెలియదు గనక జాగ్రత్త పడడు. "మంట పుట్టించే ఎండ నయం, పక్కకి తప్పుకుంటాడు" అన్నారు. అద్దానికి లోపల గుడ్డ తెర కట్టుకొమ్మనీ, పొడుగు చేతుల చొక్కా వేసుకొమ్మనీ చెప్పారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కొండబాబు కిటికీ పక్కన కూర్చోలేదు. కుడి చెంప మీదికి తువ్వాలు లాక్కుని కూర్చున్నాడు. "డాక్టరు సెప్పింది మనిద్దరికే గదా తాతా తెలిసింది. మిగతా ఊరికి ఎవులు సెప్తారు?" అన్నాడు.

డాక్టరు మాట నీకు చాలకపోతే, మీ కొట్టులో అద్దాల బీరువా ఉంది కదా. కూర్మయ్యని తిట్టిన ఆ చీర తియ్యి. మడత విప్పి, లోపలి పక్క చూడు.

అప్పలసూరి

*

ఆమదాలవలస,
22 డిసెంబరు 1968.

అన్నయ్యకు,

నీ ఉత్తరం అందగానే కొట్టుకి వెళ్ళాను. బీరువా తాళం తీసి చీర మడత విప్పాను. వీధివైపున్న మడత ఎండిన వంకాయలా ఉంది. లోపలి మడత మగ్గం దించిన రోజులాగే నిగనిగలాడుతోంది. బీరువా తలుపు పండగకి కూడా తెరవలేదు. అద్దం చెక్కు చెదరలేదు. చీర మటుకు వెలిసింది. మంచి అద్దం వేయించామని ఎంత మురిసిపోయామో.

మీ బావ పక్కన నిలబడి, "రంగు మంచిదే, మనం పెట్టిన సోటే తప్పు" అన్నారు. ఆయన ఒక మాట మాట్లాడితే మనం రెండు రోజులు నమలాలి కదా. కూర్మయ్యని పిలిపించి పొరపాటైందని చెప్పాను. "అమ్మా, నాకు ఆ రోజే తెలుసు. మీరు కోపంలో ఉంటే సెప్పలేకపోనాను" అన్నాడు. వీధివైపు గుడ్డ తెర వేయించాము.

కూర్మయ్యకి చెప్పినట్టు ఆ పిల్లాడికి ఎలా చెప్పను? గురమ్మ వదిన దగ్గరికి వెళ్ళి, ఆ రోగం మాట వెనక్కి తీసుకోమన్నాను. "నానేటన్నాను? సూసింది సెప్పినాను. నల్లగా నేదా? మందంగా నేదా?" అంటుంది. ఉన్నమాటే అన్నది గనక వెనక్కి తీసుకోడానికి ఏమీ లేదట. డాక్టరు మాట చెబితే, "డాకటేరుకి మా ఈది టీకొట్టు తెలుసేటి?" అంది. ఒకందుకు అదీ నిజమే. అన్నది టీకొట్టులో, డాక్టరు ఉన్నది విజయనగరంలో.

కబురు చేసినది నేను. చూడమన్నది నేను. ఆ మేకుకి వేలాడే గ్లాసు నాకు నిద్రలో కనిపిస్తోంది. నీ ఉత్తరం నీలవేణి కూడా చదివింది. సాయంత్రం, "ఆయన ఏ రోజు లారీ మీద గజపతినగరం వస్తాడో మావయ్యనడుగు" అంది. ఎందుకే అంటే, "నన్నెవులూ ఏటీ అడగలేదు గదా. నానొకటి అడిగినాను, అదైనా సెప్పండి" అంది.

ఆ రోజు రాయి. ఇంకేమీ రాయకు.

జగ్గమ్మ

*

సాలూరు,
24 జనవరి 1969.

జగ్గమ్మా, ఓసి నా తల్లీ,

రోజు రాయమన్నావు, రాశాను. ఆ రోజున నువ్వేమి చేస్తావో నాకు రాయనే లేదు. ఇప్పుడు సాలూరు లారీస్టాండంతా నాకు చెబుతోంది. ఒక్కొక్కడు ఒక్కొక్క రకంగా. మొదటివాడు నువ్వు టీకొట్టువాణ్ణి చెంపమీద కొట్టావన్నాడు. రెండోవాడు గురమ్మగారి జుట్టు పట్టుకుని రోడ్డు దాటించావన్నాడు. మూడోవాడు, వాడికి సాయంత్రమైతే కళ్ళకి అన్నీ రెండుగా కనిపిస్తాయి, నీలవేణి స్టీరింగు ముందు కూర్చుని హారను మోగించిందన్నాడు. ఇందులో ఏది నిజమైనా నాకు అభ్యంతరం లేదు, కానీ ఏది నిజమో తెలియాలి. మన వంశంలో ఒక మంచి కథ జరిగితే అది బయటివాళ్ళ నోట వినవలసిన కర్మ నాకేమిటి?

ఒక్కటి మాత్రం అందరూ ఒకేలా చెబుతున్నారు. మేకుకి ఉన్న గ్లాసు నువ్వు దించావని. అందులో టీ తాగావని.

ఇంక ఇక్కడి సంగతి విను. క్లీనర్లందరూ కలిసి నరసింగరావుగారి దగ్గరికి వెళ్ళారు. "పిల్లనిచ్చే తల్లే ఆ గళాసులో తాగినాక మాకేటండి బయ్యం? తల్లికి నేని రోగం మాకెక్కణ్ణించి వస్తాది?" అన్నారు. ఆయన కాసేపు మీసం దువ్వుకుని, స్టీరింగు మళ్ళీ కొండబాబుకే ఇచ్చారు. కిటికీకి గుడ్డ తెర కుట్టించమన్నారు కూడా. మీ వదిన తన పాత చీరతో కుట్టింది. దాని మీద నెమళ్ళున్నాయి. ఘాటీ ఎక్కుతుంటే నాటకాల బండి వెళుతున్నట్టు ఉంటుంది.

సంబంధం సంగతి కొండబాబుకి విజయనగరం వెళ్ళినప్పుడే చెప్పేశాను. నిన్న అతను నా దగ్గరికి వచ్చాడు. బల్ల ముందు కూర్చుని చాలాసేపు పకోడీలవైపు చూశాడు. ఆకలేమో అని తెప్పించాను. తినలేదు.

"తాతా, ఒక మాట అడుగుతాను, నవ్వకూడదు" అన్నాడు.

నవ్వనన్నాను.

"పిన్నిగారు టీ తాగేరంటే అర్దమైంది. పెద్దమనిసి, జాలి పడ్డారు. ఆ అమ్మాయి ఏటి సూసి ఒప్పుకున్నాది? జాలేనా? జాలైతే నాకొద్దు తాతా. ఇంటికాడ జాలిపడేది మా యమ్మ ఒకర్తి సాలు."

చెల్లీ, అతనికి ఏం చెప్పను? నేను అక్కడ లేను. మొదటిసారి నాకు కథ చేతకాలేదు. నువ్వు నీలవేణిని అడుగు. నువ్వు ఊహించి రాయకు, అది చెప్పినమాటే రాయి. ఆ జవాబు వస్తే గానీ పెళ్ళిమాటకి తలూపనంటున్నాడు కుర్రాడు. మర్యాదగానే అంటున్నాడు, కానీ గట్టిగా అంటున్నాడు.

మీ అన్న,
అప్పలసూరి

*

ఆమదాలవలస,
2 ఫిబ్రవరి 1969.

అన్నయ్యకు,

చెంపదెబ్బ లేదు. జుట్టు పట్టుకోవడం లేదు. హారను లేదు. మీ లారీస్టాండు నిండా నీలాంటివాళ్ళే ఉన్నట్టున్నారు.

జరిగింది ఇది. నేనూ నీలవేణీ పొద్దున్న రైలులో దిగి టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాము. ఆడవాళ్ళు వచ్చి అక్కడ కూర్చుంటే కొట్టువాడికి కాలూ చెయ్యీ ఆడలేదు. లారీ వచ్చింది. అందరూ దిగి టీ తాగుతున్నారు. ఆఖర్న బస్తాల మీదినుంచి అతను దిగాడు. బెంచీ చివర, కుడి చెంప గోడవైపు ఉండేటట్టు కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టి నిలబడ్డాడు గానీ దండం పెట్టడానికి దగ్గరికి రాలేదు. ఎక్కడ నన్ను ముట్టుకున్నట్టవుతుందో అని భయపడ్డాడు అన్నయ్యా. నాకు ఆ చీర మడత చూసినప్పుడు కూడా అంత సిగ్గు వెయ్యలేదు.

కొట్టువాడు మేకు మీది గ్లాసు తీశాడు. "అది నాకియ్యి నాయనా" అన్నాను. వాడు ఇవ్వలేదు, నేను లాక్కున్నాను. వాడికి నేను తగిలానేమో, అదే మీవాళ్ళ చెంపదెబ్బ. టీ పోయించుకుని తాగాను. చక్కెర తక్కువైంది. రోడ్డు అవతల అరుగు మీద గురమ్మ వదిన, "ఓలమ్మో, ఓలమ్మో! ఈ జగ్గకి మతి పోనాది!" అంటూ పరిగెత్తుకొచ్చింది. నువ్వూ తాగు వదినా అన్నాను. అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు. ఆవిడకి పరువు ప్రాణం కదా! గ్లాసు పుచ్చుకుని, కడిగింది. మళ్ళీ కడిగింది. కొట్టువాడు నీళ్ళైపోతాయన్నాక తాగింది. తాగి, "టీలో ఏటీ నేదు, నీళ్ళే" అంది. ఆ మాట టీకి అన్నదో, తను అన్న మాటకి అన్నదో నేను అడగలేదు. ఈ జన్మకి ఆవిడ నోట అంతకన్నా రాదు.

ఇంక నీలవేణి. ఇదంతా జరుగుతున్నంతసేపూ అది నన్నూ చూడలేదు, వాళ్ళ అత్తనీ చూడలేదు. లేచి వెళ్ళి అతని ఎదురుగా నిలబడింది. అందరూ వింటుండగా, "గోడకేసి ఏటి సూస్తన్నారు? ఇటు తిరగండి" అంది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. నా పెంపకం అలాంటిదా! అతను తువ్వాలు తీసేసి తిరిగాడు. రెండు చెంపలూ తిన్నగా చూసింది. అది వచ్చి నా పక్కన కూర్చుని, తన టీ తాగింది. అంతే.

నువ్వు రాసిన ప్రశ్న నిన్న దాన్ని అడిగాను. బియ్యం ఏరుతోంది. జాలి పడ్డావా అన్నాను. చేట పక్కన పెట్టింది.

"జాలా? నాకెందుకు జాలి? ఇంతకు ముందు నన్ను సూడ్డానికొచ్చినోళ్ళందరూ మంచి మొకం పెట్టుకునొచ్చేరమ్మా. ఒకడు అరువు చొక్కా, ఒకడు అరువు గడియారం. రెండో మొకం పెళ్ళయ్యాక సూపించేవోళ్ళు. ఈయన్ని ఇటు తిరగమన్నాను. అంతమందిలో తిరిగేడు."

ఆ మాట అనేసి బియ్యం ఏరుకుంది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను, నా కళ్ళు అది చూడకుండా.

జాలి కాదని అతనితో చెప్పు. తక్కిన మాట నువ్వు చెప్పకు అన్నయ్యా, పెళ్ళయ్యాక తనే చెప్పుకుంటుంది. నీ కడుపులో మాట దాగదని నాకు తెలుసు, అయినా అడుగుతున్నాను. ఒకవేళ ఆగలేక చెప్పేస్తే, మధ్యలో ఏ గేదెనీ తీసుకురాకుండా, అది చెప్పింది చెప్పినట్టు చెప్పు.

నీ చెల్లెలు,
జగ్గమ్మ